మార్పు గురించి ఉపన్యాసాలు చాలు, ఉద్యోగుల్ని మాట్లాడనివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ



2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 2020 జనవరి 1 నుంచి అక్కడి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అదే ఏడాది తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయి, భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఇన్ని మార్పులూ పదేళ్ల లోపు జరిగినవే. ఒక్కో జీవో వెనకాల బీరువాలు, రిజిస్టర్లు, ఫైళ్ల కట్టలు ఊళ్లు మారాయి. ఇల్లు ఒక జిల్లాలో, ఆఫీసు ఇంకో జిల్లాలో పడినవాళ్లున్నారు. కొత్త లాగిన్, కొత్త పోర్టల్, కొత్త పైఅధికారి, కొత్త నమూనా పత్రాలు వచ్చిపడ్డాయి. ఇదంతా మోసింది సీనియర్ అసిస్టెంట్లు, సూపరింటెండెంట్లు, డిప్యూటీ తహసీల్దార్లు, ఎంపీడీవోలు, డిపో మేనేజర్లు.

మార్పును ఎలా నడిపించాలో వీళ్లకు నేర్పడానికి ప్రభుత్వాలు వర్క్‌షాపులు పెడుతున్నాయి. పెట్టాల్సిందే. ఆ వర్క్‌షాపులు నడుస్తున్న తీరు మారాలన్నదే ఈ లేఖ విన్నపం.

ఇప్పుడు జరుగుతున్నది చాలామందికి తెలిసినదే. ఇరవై శాఖల నుంచి నూరు మందిని పిలుస్తారు. జ్యోతి ప్రజ్వలన, పూలగుచ్ఛాలు, ప్రారంభోపన్యాసం అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ప్రొజెక్టర్ మీద ఇంగ్లిష్ స్లైడ్లు మొదలవుతాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ కాటర్ 1995లో వ్యాసంగా రాసి, 1996లో పుస్తకంగా విస్తరించిన, మార్పును నడిపించే ఎనిమిది మెట్లు ఒకదాని వెంట ఒకటి తెర మీదికొస్తాయి. భోజనం తర్వాత ఒక ఆట ఆడిస్తారు. చివర్లో ప్రశ్నలకు పది నిమిషాలు, ఆపైన సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. మర్నాడు ఉద్యోగి తన సీటు దగ్గరికి తిరిగొచ్చేసరికి పెండింగు ఫైళ్లు ఒక రోజు ఎక్కువై కూర్చుంటాయి.

కాటర్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయితే ఆ స్లైడ్ల కట్టలో తరచూ కనిపించే రెండింటిని మాత్రం వెంటనే తీసేయించాలి. సంస్థల్లో మార్పు ప్రయత్నాలు 70 శాతం విఫలమవుతాయనేది మొదటిది. ఆ అంకెకు ఆధారం ఎక్కడుందని బ్రైటన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మార్క్ హ్యూస్ వెతుక్కుంటూ వెళ్లి, నికరమైన ఆధారం ఎక్కడా లేదని 2011లో రాశారు. మనిషి చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంచుకుంటాడని చెప్పే పిరమిడ్ బొమ్మ రెండోది. దాన్ని ఎడ్గర్ డేల్ పేరుతో చూపిస్తుంటారు కానీ, ఆయన 1946లో గీసిన బొమ్మలో అంకెలే లేవు. తర్వాత ఎవరో చేర్చారు. నమ్మకం కలిగించాల్సిన చోట మొదటి గంటలోనే నిరాధారమైన లెక్కలు చెప్పడం ఉద్యోగుల తెలివిని తక్కువ చేసి చూడటమే.

నిజమైన ఆధారాలు కావాలంటే ఎనభై ఏళ్ల నాటివే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మంచి మాంసమంతా సైన్యానికి పోతుండటంతో, గుండె, మూత్రపిండాలు వంటి భాగాల్ని ఇళ్లలో వండించాలని అక్కడి ప్రభుత్వం అనుకుంది. గృహిణులకు అవంటే ఏవగింపు. జర్మనీ నుంచి వలస వెళ్లిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఆరు రెడ్‌క్రాస్ బృందాలతో ప్రయోగం చేశారు. ఒక్కో బృందంలో 13 నుంచి 17 మంది మహిళలు. మూడు బృందాలకు పోషక విలువల గురించి, దేశభక్తి గురించి చక్కటి ఉపన్యాసం ఇప్పించి, వంట విధానాలు పంచారు. మిగతా మూడు బృందాల్లో, మనలాంటి గృహిణులు వీటిని ఎందుకు వండరు, వండాలంటే ఏం అడ్డొస్తుంది అని వాళ్లనే మాట్లాడుకోమన్నారు. చివర్లో వచ్చే వారం వండి చూస్తామనేవాళ్లని చేతులెత్తమన్నారు. తర్వాత ఆరా తీస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మంది మునుపెన్నడూ వండనిది వండారు. మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం మంది.

ఈ కథను శిక్షకులు ఇక్కడికే ఆపేసి, చర్చ పెడితే చాలన్న అర్థం తీస్తుంటారు. 1955లో ఈడిత్ బెనెట్ అనే పరిశోధకురాలు ఇందులోని పోగుల్ని విడదీసి చూశారు. ఉత్త చర్చ వల్ల ఒరిగేది పెద్దగా లేదని తేలింది. మనిషిని కదిలించినవి రెండు: తాను ఒక నిర్ణయానికి రావడం, తోటివాళ్లు కూడా అదే నిర్ణయానికి వచ్చారని తెలియడం. మన వర్క్‌షాపుల మధ్యాహ్నపు ఆటలకు ఇదే జవాబు. కాగితపు గోపురాలు కట్టించి, బెలూన్లు ఊదించి, అందరూ నవ్వుకున్నాక ఎవరూ ఏదీ నిర్ణయించకుండా బస్సెక్కితే, ఆ మధ్యాహ్నం కూడా ఉపన్యాసంతో సమానమే.

లెవిన్ మిత్రుడైన ఆల్‌ఫ్రెడ్ మారో కుటుంబానికి వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్ అనే చిన్న ఊళ్లో హార్‌వుడ్ అనే పైజమాల ఫ్యాక్టరీ ఉండేది. కుట్టేవాళ్లలో ఎక్కువమంది యువతులు. మోడల్ మారి పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోవడం, ఫిర్యాదులు రావడం, మానేసి వెళ్లిపోవడం మామూలైంది. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ 1947లో అక్కడ చేసిన ప్రయోగాన్ని మరుసటి ఏడాది ప్రచురించారు. ఈ విషయంలో ఇంతకంటే పనికొచ్చే కథ మరొకటి దొరకడం కష్టం. అందుకే కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి.

ఇస్త్రీ చేసే 18 మంది బృందానికి మార్పును అలవాటైన పద్ధతిలోనే చెప్పారు. అంతవరకు అర డజను పైజమాల్ని అట్టముక్క మీద దొంతిగా పెట్టేవారు, ఇకనుంచి పెట్టెలో పెట్టాలి. కారణం చెప్పారు, కొత్త రేటు చెప్పారు, సందేహాలు తీర్చారు, పంపేశారు. పైకి చూస్తే చిన్న మార్పే. నలభై రోజుల్లో 17 శాతం మంది మానేశారు. సూపర్‌వైజరుతో గొడవలు, యూనియన్‌కు ఫిర్యాదులు వచ్చాయి. ఉత్పత్తి పడిపోయి మళ్లీ లేవలేదు.

మిగతా బృందాల దగ్గర సమావేశం మరోలా మొదలైంది. బల్ల మీద అచ్చం ఒకేలా ఉన్న రెండు దుస్తులు పెట్టారు. ఒకటి 1946లో కుట్టింది, ఇంకోటి 1947లో కుట్టింది. మొదటిది రెండోదానికి రెట్టింపు ధరకు అమ్ముడైంది. ఏది చవకదో చెప్పమన్నారు. రోజూ ఆ బట్టతోనే బతికే ఆ అమ్మాయిలు కూడా చెప్పలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించుకోవాలో వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఆ తర్వాత వృథా పని ఎక్కడుంది, దేన్ని తీసేయొచ్చు అని అడిగారు. ఏడెనిమిది మందే ఉన్న రెండు చిన్న బృందాల్లో అందరినీ కూర్చోబెట్టి అడిగినప్పుడు, సూచనలు రాసుకునే స్టెనోగ్రాఫర్ అందుకోలేనంత వేగంగా వచ్చాయట. ఆ రెండు బృందాల్లో నలభై రోజుల్లో ఒక్కరూ మానలేదు. ఉత్పత్తి త్వరగా కోలుకుని మునుపటికంటే 14 శాతం దాకా పెరిగింది.

ఇంకో మలుపుంది. మొదటి బృందంలో మిగిలిన 13 మందిని రెండున్నర నెలల తర్వాత మళ్లీ కలిపి, మరో పనికి మార్చారు. ఈసారి అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించి మార్చారు. వాళ్లూ చకచకా కోలుకున్నారు. గొడవలు లేవు, మానేసినవాళ్లు లేరు. మనుషులు వాళ్లే, ఫ్యాక్టరీ అదే. మావాళ్లు మారరండీ అని విసుగ్గా అనే ప్రతి అధికారికీ ఈ 13 మంది గురించి చెప్పాలి.

ఇలాంటి అనుభవం మన దగ్గర కూడా ఎప్పుడో జరిగింది. ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాద్‌కు తరలివచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, అప్పట్లో సియెట్, ఇప్పుడు ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ, 1964లో కాకినాడ వ్యాపారుల్ని పిలిచి పది రోజుల పాటు కూర్చోబెట్టింది. వెనకాల ఉన్నది హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలండ్. అక్కడ పాఠాలకంటే పనులే ఎక్కువ. బొమ్మలు చూసి కథలు రాయడం, ఎంత దూరంలో నిలబడాలో తామే నిర్ణయించుకుని కొయ్యకు రింగులు విసరడం, ఆ ఎంపికల్లో తమ స్వభావం తమకే ఎలా కనిపిస్తోందో నలుగురిలో మాట్లాడుకోవడం. చివరికి ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లలో తన వ్యాపారంలో ఏం చేస్తాడో రాసిచ్చారు. ఆరు నెలలకోసారి ఏమైందని అడిగేవారు. రాజమండ్రి వ్యాపారుల్ని పోలికకు తీసుకున్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది కొత్త వ్యాపారమో, విస్తరణో చురుగ్గా చేపట్టారు. శిక్షణ లేనివాళ్లలో అలాంటివాళ్లు నాలుగో వంతే. 1969లో మెక్లెలండ్, డేవిడ్ వింటర్ ఇదంతా పుస్తకంగా తెచ్చారు. సంప్రదాయ నమ్మకాలు ఈ మార్పుకు అడ్డు కాలేదని కూడా ఆ అధ్యయనం చెప్పింది. ప్రపంచమంతా చదివే ఈ ప్రయోగం గోదావరి జిల్లాల వ్యాపారులతో, హైదరాబాద్ గదుల్లో జరిగింది. మన శిక్షణ సంస్థల పాఠ్య ప్రణాళికలో దీనికి మొదటి పేజీలో చోటుండాలి.

మరి ప్రభుత్వ కార్యాలయంలో ఇలాంటి వర్క్‌షాపు ఎలా ఉండాలి?

మొదటగా, ఎవర్ని పిలవాలి అన్నది. ఇరవై శాఖల నుంచి నూరు మందిని పిలిస్తే ఎవరి చేతుల్లోనూ ఉమ్మడి పని ఉండదు. ఒకే కార్యాలయాన్ని తీసుకోండి. ఒక తహసీల్దారు కార్యాలయం, ఒక మున్సిపాలిటీ, ఒక డిపో. పై నుంచి కింది దాకా పాతిక మంది. రికార్డ్ అసిస్టెంటునూ, ఆఫీస్ సబార్డినేటునూ వదలకండి. ఫైలు ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రెండోది, బల్ల మీద ఏం పెట్టాలి అన్నది. హార్‌వుడ్‌లో రెండు దుస్తులు పెట్టినట్టు ఇక్కడ ఒక ముగిసిన ఫైలు పెట్టాలి. మ్యుటేషనో, కుటుంబ సభ్యుల ధ్రువీకరణో, ఏదో ఒక అర్జీ. గోడకు పొడుగ్గా చార్టు కాగితాలు అంటించాలి. అర్జీ తపాల్లో ఏ తేదీన పడింది, ఇన్‌వర్డ్ నంబరు ఎప్పుడు పడింది, పర్సనల్ రిజిస్టర్‌లో ఎప్పుడెక్కింది, నోట్ ఫైల్ ఎప్పుడు పుటప్ అయింది, సూపరింటెండెంట్ దగ్గర ఎన్నాళ్లుంది, ‘ప్లీజ్ స్పీక్’ అన్న రెండు మాటలతో ఎన్నిసార్లు కిందికి వచ్చింది. ఎవరి మజిలీని వాళ్లే చీటీ మీద రాసి గోడకు అంటించాలి. ఈ-ఆఫీసులో నడిచిన ఫైలైతే తేదీలన్నీ తెర మీదే దొరుకుతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హాం పద్ధతిలో నడిచినదైతే రిజిస్టర్ తెరిస్తే చాలు. ఆ చార్టు ముందు పాతిక మందినీ నిలబెట్టి, నిర్వాహకుడు కాసేపు నోరు మెదపకుండా ఉండాలి. నాలుగు వారాల్లో అసలు పని జరిగింది రెండు గంటలేనన్నది ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆ మాట సిబ్బంది నోటి నుంచి రావడానికీ, కన్సల్టెంటు స్లైడు మీద రావడానికీ చాలా తేడా ఉంది.

మూడోది, మనవాళ్లు దాటేసే ప్రశ్న: ఈ మార్పు వల్ల ఎవరు ఏం పోగొట్టుకుంటారు? 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించే కార్డ్ ప్రాజెక్టు మొదలైనప్పుడు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దస్తావేజుల్ని పుస్తకంలోకి చేత్తో ఎక్కించే పని కంప్యూటర్లోకి, స్కానర్‌లోకి పోయింది. గుండ్రటి చేతిరాతతో ఆఫీసులో పేరు తెచ్చుకున్న ఉద్యోగికి అది కేవలం సాంకేతిక మార్పు కాదు. అతని నైపుణ్యానికి గిరాకీ పోయింది. వీఆర్వో వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లో తమకున్న గుర్తింపు పోయినవాళ్లున్నారు. జిల్లా మారితే సీనియారిటీ జాబితాలో తన స్థానం ఏమవుతుందోనని నిద్రపట్టనివాళ్లున్నారు. దీన్ని ప్రతిఘటన అని పేరు పెట్టి అణచడం కంటే, పోతున్నదేమిటో పేరు పెట్టి చెప్పుకునే వీలు వర్క్‌షాపులో ఒక గంట ఇస్తే, దానికి పరిహారంగా ఏం చేయొచ్చో అక్కడే తేలుతుంది. కొన్నిటికి పరిహారం ఉండదు. ఉండదని నిజాయితీగా చెప్పడం కూడా గౌరవమే.

మన కార్యాలయాల్లో సార్ ఉండగా నోరు విప్పడం అంత తేలిక కాదు. ఈ సంకోచాన్ని తప్పుపట్టి లాభం లేదు, దాన్ని దృష్టిలో పెట్టుకునే వర్క్‌షాపును అల్లాలి. మొదటి విడత అభిప్రాయాలు పేరు లేని చీటీల మీద రాయించాలి. మాట్లాడే వరస కింది హోదా నుంచి మొదలవ్వాలి. వేదిక, డయాస్ తీసేసి కుర్చీలు గుండ్రంగా వేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చర్చంతా తెలుగులో జరగాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉన్నచోట ఉర్దూలో కూడా. తన ఆఫీసు కష్టాన్ని ఇంగ్లిష్‌లో చెప్పమంటే, చెప్పగలిగినవాళ్లే చెబుతారు. మిగతావాళ్లు తలూపుతారు.

ఇక అధికారి ఎక్కడ ఉండాలి? అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1989లో వర్క్-అవుట్ పేరుతో మొదలుపెట్టిన సమావేశాల్లో దీనికి గట్టి జవాబుంది. అధికారి మొదట వచ్చి సమస్య ఏమిటో చెప్పి బయటికి వెళ్లిపోతాడు. సిబ్బంది రెండు రోజులు కూర్చుని ప్రతిపాదనలు తయారుచేస్తారు. మూడో రోజు అధికారి తిరిగొచ్చి అందరి ముందూ ఒక్కో ప్రతిపాదనకూ సరేనో, కుదరదో చెప్పాలి. ఇంకా సమాచారం కావాలంటే ఎప్పటిలోగా తేలుస్తారో తేదీ చెప్పాలి. మసాచుసెట్స్‌లోని లిన్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఒక మేనేజరు ముందుకు ఇలా 108 ప్రతిపాదనలు వచ్చాయి. ఆయన పైఅధికారి ఆయన వెనకే నిలబడ్డాడు. అభిప్రాయం అడుగుదామన్నా అందరూ చూస్తుండగా వెనక్కి తిరగాలి. ఆయన చెమటతో తడిసిపోతూనే, ఎనిమిది తప్ప అన్నిటికీ ఒప్పుకున్నాడు. ‘పరిశీలిస్తాం’ అన్న మాటకు తావివ్వని ఈ నియమం మన కలెక్టరేట్లలో, కమిషనరేట్లలో చేయగలిగే మేలు చాలా ఉంది. నిబంధనలు మార్చే అధికారం తనకు లేని చోట, ఎవరికి, ఏ తేదీలోగా రాస్తానన్నది అధికారి అక్కడే చెప్పొచ్చు.

సాయంత్రం సమీక్ష విషయానికొస్తే, 1946 వేసవిలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. లెవిన్ బృందం అక్కడ ఒక వర్క్‌షాపు నడుపుతూ, రోజూ రాత్రి తమలో తాము కూర్చుని పగలు ఎవరెలా ప్రవర్తించారో చర్చించుకునేది. అక్కడే బస చేసిన కొందరు శిక్షణార్థులు మేమూ వచ్చి వింటామన్నారు. విన్నవాళ్లు ఊరుకోలేదు. మీరు చూసింది వేరు, నాకు అనిపించింది వేరు అంటూ మాట కలిపారు. పగటి పాఠాల కంటే ఆ రాత్రి సంభాషణే విలువైనదిగా తేలింది. లెవిన్ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చనిపోయినా, ఆయన సహచరులు ఆ ఏడాది వేసవిలోనే మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో దాన్నొక శిక్షణ పద్ధతిగా స్థిరపరిచారు. అందుకని ఏ రోజుకారోజు చివర ముప్పావు గంట ఇలా ఉంచాలి: ఈ రోజు ఎవరు ఎక్కువ మాట్లాడారు, ఎవర్ని మాట్లాడనివ్వలేదు, ఏ విషయం వచ్చినప్పుడు గది బిగుసుకుపోయింది. రేపు ఆఫీసులో మార్పును నడిపించేవాళ్లకు కావలసిన చూపు ఇదే.

నిర్వాహకులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న సహజం. ఖరీదైన కన్సల్టెంట్లు అక్కర్లేదు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఒక దారి చూపించింది. పొదుపు సంఘాల్ని బాగా నడిపిన మహిళల్నే సామాజిక వనరుల వ్యక్తులుగా, మన ఊళ్లలో సీఆర్పీలు అంటారు, ఇతర గ్రామాలకు పంపింది. రోజుల తరబడి ఆ ఊళ్లోనే ఉండి, తమ అప్పులూ పొదుపులూ తమ నోటితో చెప్పి, అక్కడి మహిళలతో సంఘాలు కట్టించారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక మన మహిళలు బీహార్ దాకా వెళ్లి ఈ పని చేశారు. భాష అడ్డమైనా ఆగలేదు. ఒక మండలంలో పెండింగు తగ్గించిన సూపరింటెండెంటు పక్క మండలంలో వర్క్‌షాపు నడిపితే, వినేవాళ్లకు ఆ మనిషి మాట మీద గురి కుదురుతుంది. రెండు రాష్ట్రాల శిక్షణ సంస్థలు ఏటా కొందరు ఇలాంటి ఉద్యోగుల్ని ఎంచి, ప్రశ్న అడగడం, ఊరుకుని వినడం, గొడవ వచ్చినప్పుడు గదిని నిలబెట్టడం సాధన చేయించాలి. ఆ రోజుల్ని ఆన్ డ్యూటీగా లెక్కించాలి.

దీనికి టైం ఎక్కడుంది, ఆఫీసు మూసేసి రెండు రోజులు కూర్చోవాలా అని కింది స్థాయి అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రజలకు పని ఆగకుండా కార్యాలయాన్ని రెండు జట్లుగా చేసి, ఒక వారం ఒక జట్టును, మరో వారం ఇంకో జట్టును కూర్చోబెట్టొచ్చు. నూరు మందికి ఒకేరోజు జరిపే సదస్సులు సగానికి తగ్గించినా కావలసిన ఖర్చు వచ్చేస్తుంది. ఒక మార్పు విషయంలో వర్క్‌షాపు వేళకే అన్నీ నిర్ణయమైపోయి ఉంటే, దయచేసి అది పెట్టకండి. ముందే రాసిపెట్టిన జీవోకు చప్పట్లు కొట్టించుకోవడానికి పిలిచారని ఉద్యోగులు అరగంటలో గ్రహిస్తారు, తర్వాత నిజంగా అడిగినా నోరు విప్పరు. ఏది తేలిపోయిందో, ఏది ఇంకా వాళ్ల చేతుల్లో ఉందో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి.

అందువల్ల ఈ లేఖ కోరేది ఇది. మార్పు నాయకత్వం పేరుతో ఏ శాఖ వర్క్‌షాపు పెట్టినా ఒకే కార్యాలయం వాళ్లను పిలవాలనీ, వాళ్ల సొంత ఫైలు మీదే పని చేయించాలనీ, చివరి పూట ఆ కార్యాలయాధిపతి వచ్చి ప్రతి ప్రతిపాదనకూ అందరి ముందు జవాబు చెప్పాలనీ, మూడు నెలలకు అదే పాతిక మంది అదే గదిలో మళ్లీ కూర్చోవాలనీ ఒక సర్క్యులర్ ఇవ్వండి. ప్రతి జిల్లాలో ఒక తహసీల్దారు కార్యాలయంతో మొదలుపెట్టండి. ఒప్పుకున్నవి, కుదరదన్నవి, తేదీ చెప్పి ఆపినవి, మూడింటినీ కలిపి ఒకే కాగితం మీద తెలుగులో రాయించి, ఆ కార్యాలయం నోటీసు బోర్డు మీద అర్జీదారులకు కనిపించేలా పెట్టించండి. మూడు నెలల తర్వాత అందులో ఎన్ని జరిగాయో, ఎన్ని జరగలేదో దాని పక్కనే రాయించండి.

భవదీయుడు,
తెలుగు పాఠకుల తరఫున ఒక పత్రికా రచయిత